కృప కింద ఉన్నవాడు దేవునికి భయపడాలా?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లయింది. ఒకే పాపంలో మళ్లీ మళ్లీ పడుతున్నారు. పడిన ప్రతిసారీ రెండు మూడు రోజులు మోకరించడానికి ముఖం చెల్లడం లేదు. బాబుకు జ్వరం వస్తే అది మీ పాపానికే వచ్చిందని గుండె గుబేలుమంటోంది. మూడు నెలలుగా ప్రభురాత్రి భోజనం తీసుకోవడం లేదు. మీ కాపరి గారు "దేవుని భయం ఉండాలి" అంటారు. యూట్యూబ్‌లో మీరు వినే బోధకుడు "కృప కింద ఉన్నవాడికి భయమెందుకు, ఒప్పుకోలు ఎందుకు" అంటాడు. ఎవరి మాట వినాలి?

కాపరి గారి మాటే వాక్యానుసారం. కాకపోతే ఆయన చెప్పిన భయం, మీరు పడుతున్న భయం ఒకటి కావు. మీరు పడుతున్నది పోవాలి, ఆయన చెప్పినది పెరగాలి. ఈ రెండూ ఒకే పేరుతో తిరుగుతున్నాయి, చిక్కంతా అక్కడే.

మాట దగ్గరే మొదలుపెడదాం. సామెతలు 9:10లో మన తెలుగు బైబిల్ "భయభక్తులు" అంటుంది. హెబ్రీలో అక్కడున్నది ఒకటే మాట, యిర్ఆ. దాన్ని తెలుగు చేసినవారు మన ఇళ్లలో వాడే జంటమాటను తీసుకున్నారు. "పెద్దల దగ్గర భయభక్తులతో మెలగాలి" అంటే వాళ్లు కొడతారని ఎవరమూ అనుకోం. అయితే ఫిలిప్పీ 2:12 దగ్గరకు వచ్చేసరికి "భయముతోను వణకుతోను" అని ఉంటుంది, భక్తి అనే తోడు కనబడదు. గ్రీకులో అక్కడి మాట ఫోబోస్. పాత నిబంధనను గ్రీకులోకి మార్చినవారు యెహోవా భయానికి వాడిన మాట కూడా సాధారణంగా అదే. కాబట్టి తెలుగు చదివేవాళ్లకు పాత నిబంధనలో భక్తి, కొత్త నిబంధనలో వణుకు ఉన్నట్టు అనిపించవచ్చు. మూలంలో అలాంటి తేడా లేదు. ఆ ఫిలిప్పీ వచనం తర్వాతి వచనంతో కలిపి చదవాల్సినది కూడా: మీలో కార్యసిద్ధి కలుగజేయువాడు దేవుడే, అందుకే వణుకు. రక్షణ చేజారిపోతుందన్న వణుకు కాదు, దేవుడే లోపల పనిచేస్తున్నాడన్న వణుకు.

అలాగని భయాన్ని పలచన చేసి "ఒట్టి గౌరవమే" అని సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు. హెబ్రీ 12:28 కృపను గురించి మాట్లాడి, వినయ భయభక్తులతో సేవ చేయుదము అని చెప్పి, వెంటనే "మన దేవుడు దహించు అగ్నియై యున్నాడు" అంటుంది. పత్మాసు ద్వీపంలో యోహాను ప్రభువును చూసి చచ్చినవానివలె పడ్డాడు. ఆయన రొమ్మున ఆనుకున్న శిష్యుడే అలా పడ్డాడు. ఆ పడినవాని మీద కుడిచెయ్యి ఉంచి "భయపడకుము" అన్నది ఆయనే.

సీనాయి దగ్గర మోషే మాట, నిర్గమ 20:20, ఈ రెండు భయాలనూ ఒకే వాక్యంలో పెడుతుంది. మొదట "భయపడకుడి" అంటాడు, వెంటనే మీరు పాపం చేయకుండా ఆయన భయం మీకు కలగడానికే దేవుడు వచ్చాడంటాడు. ఒకటి వద్దంటున్నాడు, ఇంకొకటి కావాలంటున్నాడు. తేడా ఎలా తెలుస్తుంది? కాళ్లు ఎటు వెళ్తున్నాయో చూడండి. ఆదాము "భయపడి దాగుకొంటిని" అన్నాడు. పేతురు మూడుసార్లు బొంకాడు, ఒట్టు కూడా పెట్టుకున్నాడు. అయినా యోహాను 21లో ఒడ్డున ఉన్నది ప్రభువని వినగానే దోనె ఒడ్డుకు చేరేదాకా ఆగలేక నీళ్లలో దూకాడు. సిగ్గు ఇద్దరికీ ఉంది. ఒకడు చెట్ల చాటుకు పోయాడు, ఒకడు ఈదుకుంటూ వచ్చాడు. పాపం చేశాక మీరు మూడు రోజులు ప్రార్థనకు దూరంగా ఉంటే, అది ఎంత భక్తిగా అనిపించినా ఆదాము భయమే.

తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను 1 యోహాను 4:18ని బోధిస్తూ దీన్ని కుట్టుపనితో పోల్చాడు. సూది ముందు దూరుతుంది, దాని వెంటే దారం వస్తుంది. సూది బట్టలోనే ఉండిపోతే దారం రాదు. శిక్ష భయం సూది, ప్రేమ దారం. "పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును" అంటే సూది బయటకు రావడం. అదే ప్రసంగంలో ఇద్దరు భార్యల పోలిక కూడా చెప్పాడు: భర్త వస్తాడేమోనని ఒకామెకు భయం, భర్త వెళ్లిపోతాడేమోనని ఇంకొకామెకు భయం. రెండో భయం ప్రేమలోంచి పుట్టింది, దాన్ని ప్రేమ వెళ్లగొట్టదు. యోహాను వెళ్లగొట్టమన్న భయం ఏదో కూడా ఆ వచనమే చెబుతోంది: "భయము దండనతో కూడినది." దండన భయం పోవాలి, అంతే. సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల్లో ఒక్కోదానికీ ఇచ్చిన వివరణ దేవునికి భయపడాలి, ఆయనను ప్రేమించాలి అనే మొదలవుతుంది. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి వేళ్లూనుకున్న మన లూథరన్ సంఘాలది ఈ ప్రశ్నోత్తరి వారసత్వమే. కృప అనే మాట కోసం ప్రాణం పణంగా పెట్టిన మనిషి భయాన్ని తీసేయలేదు, ప్రేమ పక్కన కూర్చోబెట్టాడు.

ఇక అసలు కీలకం కీర్తన 130:4. దోషాలను కనిపెట్టి చూస్తే ఎవడు నిలువగలడు అని అడిగి, "అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును" అంటాడు. మనం అనుకునేది తలకిందులు: శిక్ష ఉంటే భయం, క్షమాపణ ఉంటే ధీమా. ఇక్కడ క్షమాపణలోంచే భయం పుడుతోంది. ఎందుకంటే క్షమాపణ ఖరీదు అప్పుడే తెలుస్తుంది. 1 పేతురు 1:17 భయముతో గడుపుడి అని చెప్పి, దానికి కారణంగా 18, 19 వచనాల్లో వెండి బంగారములను కాదు, క్రీస్తు రక్తాన్ని చూపిస్తుంది. అప్పు ఉన్నప్పుడు మనిషి అప్పు ఇచ్చినవాడి కంట పడకుండా తిరుగుతాడు. ఆ అప్పు ఎవరో తన ఇల్లు అమ్మి తీర్చారని తెలిసిన రోజు నుంచి, ఆ మనిషిని నొప్పించడానికి భయపడతాడు. ఆ భయం పారిపోనివ్వదు. యిర్మీయా 32:40లో నిత్యనిబంధన వాగ్దానం కూడా ఇదే, వారు నన్ను విడువకుండా వారి హృదయాల్లో భయభక్తులు పుట్టిస్తానని. కృప వచ్చాక భయం పోవాలనేవారు ఈ వాగ్దానాన్ని ఎక్కడ పెడతారో చెప్పాలి.

ఇప్పుడు బాబు జ్వరం సంగతి. తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది, అది శిక్ష అనే మాట. రోమా 8:1లో క్రీస్తుయేసునందున్న వారికి "ఏ శిక్షావిధియు లేదు" అని చదువుతాం. హెబ్రీ 12:6లో "ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి" అని చదువుతాం. లేదన్నది మళ్లీ ఎలా వచ్చింది? గ్రీకులో ఇవి సంబంధం లేని రెండు మాటలు. మొదటిది న్యాయస్థానపు తీర్పు. రెండోది పైదెయూవో, పిల్లవాణ్ణి పెంచి తీర్చిదిద్దడం, శిక్షణ అన్నప్పటి శిక్ష. ఇదే క్రియాపదం తీతు 2:12లో ఉంది: దేవుని కృప మనకు "బోధించుచున్నది." అంటే తండ్రి దిద్దుబాటు చేసే పనే కృప కూడా చేస్తోంది. కృపను దిద్దుబాటు నుంచి విడదీయలేం.

కానీ దిద్దుబాటు ఉందని ప్రతి జ్వరాన్నీ ఒక పాపానికి జతచేయకూడదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీని కన్నవారూ కాదని ప్రభువు కొట్టిపారేశాడు, యోహాను 9:3. చిన్నప్పుడు "తప్పు చేస్తే కళ్లు పోతాయి" అని విని పెరిగిన మనసు సంఘంలోకి వచ్చాక కూడా అదే లెక్క వేస్తుంది. జ్వరానికి పారాసెటమాల్ వేయండి, డాక్టరుకు చూపించండి, బాబు కోసం ప్రార్థించండి. మీ పాపాన్ని వేరుగా, దాని చోట ఒప్పుకోండి. రెండింటినీ ముడిపెట్టినప్పుడు "జ్వరం తగ్గితే మళ్లీ చేయను" అనే బేరం మొదలవుతుంది. జ్వరం తగ్గాక బేరం మరిచిపోతాం, మరిచిపోయామని ఇంకో భయం పట్టుకుంటుంది. డిసెంబరు 31 రాత్రి ఆవేశంలో చేసే తీర్మానాలదీ ఇదే దారి. మ్రొక్కుకొని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 తేల్చేసింది. దశమభాగం ఆపితే శాపం తగులుతుందని మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తే, క్రీస్తు మన కోసం శాపమై విమోచించాడని గలతీ 3:13 చూపించండి. ఇవ్వండి, కానీ 2 కొరింథీ 9:7 చెప్పినట్టు ఉత్సాహంగా ఇవ్వండి.

దిద్దుబాటుకూ అపవాది నిందకూ తేడా పసిగట్టే గుర్తు ఒకటుంది. తండ్రి గద్దింపు స్పష్టంగా ఉంటుంది: ఫలానా మాట, ఫలానా డబ్బు, ఫలానా రాత్రి. చేయాల్సిందీ చూపిస్తుంది. నింద పొగలా ఉంటుంది: "నువ్వు పనికిరావు, నీది దొంగ భక్తి." ఏం చేయాలో చెప్పదు. పౌలు 2 కొరింథీ 7:10లో దైవచిత్తానుసారమైన దుఃఖం, లోకసంబంధమైన దుఃఖం అని వేరుచేసింది దీన్నే.

పడిన తర్వాత ఏం చేయాలో వరుసగా చెప్తాను. అదే రోజు, వీలైతే అదే గంటలో ప్రార్థనకు రండి. ముఖం చెల్లేదాకా ఆగడం అంటే రెండు రోజుల దూరంతో జరిమానా మీరే కట్టుకోవడం, సిలువ మీద కట్టింది చాలలేదన్నట్టు. పాపాన్ని దాని పేరుతో చెప్పండి. "పొరపాటు జరిగింది ప్రభువా" చాలదు. "నిన్న దుకాణం లెక్కలో 3,000 రూపాయలు తక్కువ చూపించి ఆ డబ్బు తీసుకున్నాను" అనాలి. కారణాలు చెప్పకండి, కీర్తన 51లో దావీదు ఒక్క సాకు కూడా చెప్పలేదు. తర్వాత 1 యోహాను 1:9 పట్టుకోండి, అందులో "నమ్మదగినవాడును నీతిమంతుడును" అన్న మాటల దగ్గర ఆగండి. కనికరం గలవాడు కాబట్టి క్షమిస్తాడు అనలేదు, నీతిమంతుడు కాబట్టి అన్నాడు. చెల్లింపు జరిగిపోయిన బాకీని రెండోసారి అడగడం ఆయన నీతికి కుదరదు.

ఒకే పాపాన్ని ఒక్కసారే ఒప్పుకోండి. రాత్రికి అది మళ్లీ గుర్తొస్తే మళ్లీ క్షమాపణ అడగొద్దు, "క్షమించావు, వందనాలు" అనండి. చాలామంది తప్పేది ఇక్కడే. పదోసారి అడగడం వినయంలా కనిపిస్తుంది కానీ మొదటిసారి ఆయన ఇచ్చిన మాటను నమ్మకపోవడమే అది.

మనిషికి నష్టం చేసినట్టయితే తిరిగి ఇవ్వాలి. లేవీయకాండం 6:5 అసలుకు అయిదవ వంతు కలిపి ఇమ్మంది. అంటే ఆ 3,000కు 600 కలిపి 3,600. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, ఎవరూ అడగకుండానే, అదీ ప్రభువు అతని ఇంటికి వచ్చిన తర్వాత. మన లెక్క అయిదో వంతా నాలుగంతలా అన్నది ధర్మశాస్త్రపు పట్టీతో తేల్చేది కాదు. ఇవ్వకుండా "దేవుడు క్షమించాడు" అని ఊరుకుంటే మాత్రం కృప మన లోపలికి దిగలేదనే అర్థం. ఇక పాపానికి దారి ఇచ్చినదాన్ని కోసేయండి: రాత్రి ఫోన్ పడకగదిలో ఉండటమా, నగదు ఒంటరిగా లెక్కపెట్టడమా, ఫలానా మనిషితో కూర్చోవడమా. మళ్లీ మళ్లీ పడే పాపాన్ని ఒంటరిగా మోయకండి. యాకోబు 5:16 ప్రకారం నోరు జారని, మీ కంటే పరిణతి గల ఒక్కరికి, మీరు పురుషులైతే పురుషునికి, స్త్రీ అయితే స్త్రీకి చెప్పి, వారానికోసారి సూటిగా అడగమనండి. సాక్ష్యం పేరుతో సంఘమంతటి ముందు చెప్పాల్సిన పని లేదు.

యూట్యూబ్ బోధకుని వాదన హైపర్ గ్రేస్ అనే పేరుతో తిరుగుతున్నదే. పాత భవిష్యత్ పాపాలన్నీ క్షమించబడ్డాయి, కాబట్టి ఒప్పుకోలు అవిశ్వాసం అంటారు. 1 యోహాను 1:9 అవిశ్వాసుల కోసం రాసిందనీ అంటారు. అదే యోహాను ఆ వచనంలో "మనము" అన్నాడు, తనను కలుపుకొని. రెండో అధ్యాయం మొదటి వచనంలోనే "నా చిన్నపిల్లలారా" అని పిలిచి, పాపం చేస్తే తండ్రియొద్ద ఉత్తరవాది, అంటే మన పక్షాన మాట్లాడేవాడు, ఉన్నాడన్నాడు. ఉత్తరవాది ఉన్నది వాడుకోవడానికే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఋణములు క్షమించుము అన్నది అనుదినాహారం పక్కనే ఉంది. కొడుకు తప్పు చేస్తే కొడుకుతనం పోదు, కానీ భోజనాల దగ్గర తండ్రి ముఖం చూడలేడు. ఒప్పుకోలు కొడుకుతనాన్ని కొనుక్కోవడానికి కాదు, ఆ ముఖం చూడటానికి. ఈ వివాదం కొత్తది కాదు. లూథరు శిష్యుడే అయిన యోహాను అగ్రికోలా సంఘంలో ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదన్నప్పుడు, 1537 నుంచి లూథరే అతనికి వ్యతిరేకంగా వాదనలు నిర్వహించాడు. రోమా 6:14 తీరుగా చదివితే చాలు: "మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనైనవారు కారు గనుక పాపము మీమీద ప్రభుత్వము చేయదు." లోనవడం అక్కడ కూడా ఉంది, ఏలుబడి మారింది.

హెబ్రీ 10:26 "బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల" చదివి మీకు నిద్ర పట్టలేదన్నారు. మూడు వచనాలు కిందికి వెళ్లండి. అక్కడ చెప్పినది దేవుని కుమారుణ్ణి పాదాలతో త్రొక్కి, కృపకు మూలమగు ఆత్మను తిరస్కరించడం. క్రీస్తును వదిలి వెళ్లిపోవడం. బలహీనతలో పడి ఏడ్చేవాడి సంగతి కాదు. పరిశుద్ధాత్మ దూషణ మాట కూడా, కళ్లెదుట జరిగిన ఆత్మకార్యాన్ని చూసి బయెల్జెబూలుదని అన్న పరిసయ్యులతో చెప్పినది. రక్షణ పోగొట్టుకోవచ్చా లేదా అన్న దగ్గర సంఘాలు ఏకాభిప్రాయంతో లేవు. లూథరన్లు, మెథడిస్టులు, చాలా పెంతెకొస్తు సంఘాలవారు పోవచ్చంటారు. ప్రెస్బిటేరియన్లు, చాలామంది బాప్టిస్టులు నిజంగా తిరిగి జన్మించినవాణ్ణి దేవుడు కడవరకు కాపాడతాడంటారు. కానీ తిరిగి వచ్చేవాణ్ణి బయటికి త్రోసివేయనన్న యోహాను 6:37 మీద ఎవరికీ తగాదా లేదు.

ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకే పాపం రోజుకు ఇరవైసార్లు ఒప్పుకోవాలనిపిస్తుందా? ప్రార్థనలో ఒక మాట తప్పు పలికానని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారా? మీరు అసహ్యించుకునే దూషణ ఆలోచనలు వద్దన్నా వస్తున్నాయా? అది ఓసీడీలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలూ చేసిందే మళ్లీ మళ్లీ చేయాలనిపించడమూ ఉండే మానసిక సమస్యలో, ఒక రకం కావచ్చు. విశ్వాసం తక్కువై వచ్చేది కాదు. దానికి ఉపవాసాలు పెంచితే, "నేను రక్షణ పొందానా" అని కాపరిని రోజూ అడిగితే తగ్గదు, ముదురుతుంది, ఎందుకంటే ప్రతి భరోసా కాసేపే పనిచేసి ఇంకోటి అడగమంటుంది. లూథరు మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి ఒప్పుకోలు చెప్పేవాడు, అయినా మనసు కుదుటపడలేదు. సైకియాట్రిస్టును కలవండి. దీనికి మందులూ ఉన్నాయి, ప్రత్యేకమైన మాటల చికిత్సా ఉంది, రెండూ చాలామందికి పనిచేస్తాయి. ప్రభుత్వ టెలీ మానస్ లైను 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చివరిగా ప్రభువు బల్ల, అంటే మీరు మానేసిన ప్రభురాత్రి భోజనం. 1 కొరింథీ 11:27లో "అయోగ్యముగా" అని ఉంది, "అయోగ్యుడు" అని లేదు. తినే తీరు గురించిన మాట అది. కొరింథులో జరిగింది 21, 22 వచనాల్లో ఉంది: కలిగినవారు ముందే తిని మత్తులవుతున్నారు, లేనివారు ఆకలితో సిగ్గుపడుతున్నారు. 28వ వచనం తన్ను తాను పరీక్షించుకొని "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటుంది, పరీక్షించుకొని మానేయమని కాదు. శనివారం రాత్రి పదిహేను నిమిషాలు కూర్చుని కీర్తన 139:23, 24 ప్రార్థించండి, పైన చెప్పినట్టు ఒప్పుకోండి, ఎవరితోనైనా మాటలు లేకపోతే ఫోన్ చేసి మాట్లాడండి. మత్తయి 5:24 బలిపీఠం దగ్గర అర్పణను వదిలి వెళ్లి సమాధానపడి మళ్లీ వచ్చి అర్పించమంది, ఆ "మళ్లీ వచ్చి" కూడా ఆజ్ఞే. మార్చుకోనని మొండికేసిన పాపం ఏదైనా ఉంటే మాత్రం ఆ మొండితనాన్ని ముందు తేల్చుకోవాలి. మీ ప్రశ్న చూస్తే మీది మొండితనం కాదు. సంఘం క్రమశిక్షణ కింద బల్ల నుంచి ఆపినవారి సంగతి వేరు, మిమ్మల్ని ఎవరూ ఆపలేదు. మూడు నెలలుగా ఎందుకు తీసుకోలేదో కాపరి గారికి ఆదివారానికి ముందే ఒక మాట చెప్పండి, ఆ రోజు వెనక వరుసలో కాకుండా మీ ఇంటివాళ్ల పక్కన కూర్చోండి.